పట్టని కొక్కెం

మామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు అవ్వ జనగామలో నా దగ్గరే ఉంది. మామ అంటే నన్ను కన్న అవ్వకు ఒక్కగానొక్క తమ్ముడు, మహబూబాబాద్ పక్క ఊళ్లో ఉండేవాడు. మావాళ్లు పూడ్చిపెడతారు, అదీ పొద్దుగూకక ముందే. ఎండాకాలం, ఫ్రీజర్ పెట్టె దొరకలేదు. "అత్త వచ్చి మొకం చూసినంకనే లేపుతం, జల్ది రాన్రి" అన్నాడు మామ కొడుకు. బస్సు కుదుపులకు అవ్వ నడుము ఓర్చుకోదు కాబట్టి పగటి డీజిల్ రైలెక్కాం.

వరంగల్ దాటాక పొలాల మధ్య బండి ఆగిపోయింది. చెడిపోయిందని, లాగడానికి ఇంకో ఇంజన్ వస్తోందని గార్డు చెప్పాడు. దిగి నడుద్దామంటే కంకర గట్టు, అవ్వ మోకాళ్లు. ఎదురుచూడగా చూడగా కరెంటు ఇంజన్ వచ్చింది. బోగీలో జనం ఈలలు వేశారు. అవ్వ అప్పుడే స్టేషన్ వచ్చినట్టు కొంగు సర్దుకుంది.

ఆ ఇంజన్ మా బండి ముందుకొచ్చి బారెడు దూరంలో ఆగి, అక్కడే ఉండిపోయింది. మగవాళ్లు దిగి చూసొచ్చారు. దాని కొక్కెం వేరట, దీని కొక్కెం వేరట, ఒకదాన్నొకటి పట్టుకోవట. నడుమ తగిలించే ఇనుప ముక్క ఒకటుంటుందట, అది పెద్ద స్టేషన్ నుంచి రావాలట. గార్డు దగ్గరికి పోయి నిలదీశాను.

"గది కరెంటు ఇంజన్ అక్కా, ఇవి డీజిల్ డబ్బాలు. పట్టదు."

"పట్టదని పంపెటోనికి ఎర్క లేదా?"

"నన్నేం చెయ్యమంటవ్ అక్కా? పైనోళ్లు పంపిన్రు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతుంది. నెత్తిమీద కరెంటు తీగలు వేసి, వాటి కింద రోజూ డీజిల్ బండిని తిప్పుతారే, అది ఎప్పుడో ఓనాడు చెడుతుందని, కరెంటు ఇంజనే వచ్చి లాగాలని ఒక్కడికీ తోచలేదా? మా దిక్కు ట్రాక్టర్ ఎవరిదైనా, ట్రాలీ ఎవరిదైనా, పిన్ను వేస్తే కదిలిపోతాయి. ఆపాటి బుద్ధి ఇంత పెద్ద రైళ్లు నడిపేవాళ్లకు లేకపోయింది.

మామ కొడుకు మళ్లీ ఫోన్ చేశాడు. "పొద్దు వాలుతాంది. వీడియో కాల్ చేస్త, అత్తకు చూపియ్" అన్నాడు. అవ్వ నా చెయ్యి నెట్టేసింది.

"నా తమ్మున్ని ఫోన్ల చూసుడేందే? వస్తున్న గద. జర ఆగుమను."

ఆగగలిగినంత ఆగారు పాపం. ఆ ముక్క వచ్చి, తగిలించి, బండి కదిలి, మేం ఊరు చేరేసరికి పారలు కడుగుతున్నారు.

మా అక్క అక్కడే ఉంది. ఆమెది మొగుళ్లపల్లి. భూపాలపల్లి జిల్లా వాళ్లకు ఎక్కడానికి రైలే లేదు. ఆటోలు, బస్సులు మారుకుంటూ మధ్యాహ్నానికే చేరుకుంది. రైలున్నవాళ్లం మేమే చేరలేదు.

అవ్వ ఏడవలేదు. పచ్చి మట్టి పక్కన కూలబడి అక్క చెయ్యి పట్టుకుంది.

"మొకం ఎట్లుండె బిడ్డా? గడ్డం గీసిన్రా?"

"గీసిన్రు అవ్వా."

"కండ్లు మూసిన్రా?"

అక్క నా వైపు చూసింది. అబద్ధం చెప్పమ్మా అని నేను లోపల మొక్కుకుంటున్నాను. ఆమెకు అబద్ధం రాదు.

"మూసినం అవ్వా. మళ్ల తెరుసుకున్నయి."

"నా కొరకే చూసిండే" అంది అవ్వ. అప్పుడు ఏడ్చింది.