చక్రానికి ఎదురుగా వరహాలమ్మగారు

ఈ సాయంత్రం బ్రేకు రబ్బర్ల కవరు చింపితే కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. వానాకాలం కావడంతో గదిలోంచి పోలేదు. వంటయ్యాక కూడా నా వేళ్లను వదల్లేదు.

మా పాప యూకేజీ. అరసవల్లి నుంచి బడికి ఆటోలో వెళ్తుంది. ఆటో నిండా పిల్లలు, డ్రైవరు పక్కన కూడా పిల్లలే. వానలు మొదలయ్యాక ఆ ఆటో మలుపులో ఒక పక్కకి ఒరిగినప్పుడల్లా నా గుండె జారిపోయేది. చివరికి రేపటి నుంచి నేనే సైకిలు మీద దింపుతానని ఇంట్లో చెప్పేశాను. చెప్పాక కొత్త భయం పట్టుకుంది. నా సైకిలు పెళ్లికి ముందుది. ఉక్కు రిమ్ము, వైరు బ్రేకు. తడిస్తే కీచుమంటుందే గాని బండి ఆగదు. వెనక కూర్చోబోయేది నా పిల్ల.

కొత్త బ్రేకు రబ్బర్ల కోసం వెళ్తే, కొట్లో అతను రెండు రకాలు చూపించి, "ఇవి తీస్కోండమ్మా, ఏళ్ల తరబడి అరగవు" అన్నాడు. బొటనవేలి గోరుతో నొక్కి చూశాను. గోరు దిగలేదు. రెండో రకంలో దిగింది. అవే ఇమ్మన్నాను. అలా గోరుతో నొక్కడం నాకు వరహాలమ్మగారి దగ్గర అబ్బింది.

డిగ్రీ అయ్యాక ఎచ్చెర్ల యూనివర్సిటీలో పీజీ సీటు రాలేదు. ఖాళీగా ఉండలేక ఆమదాలవలసలో, స్టేషనుకి వెళ్లే దారిలో ఉన్న సైకిలు సామాన్ల కొట్లో పనికి చేరాను. పెళ్లయ్యేదాకా అక్కడే. ఆ కొట్టు వరహాలమ్మగారిది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. అందరూ సావుకారమ్మా అనేవారు. నన్ను ఆవిడ పేరుతో పిలిచిన గుర్తు లేదు. "డిగ్రీ పిల్లా" అనేవారు. చేరిన కొత్తలోనే ఒకాయన అరిగిపోయిన బ్రేకు రబ్బరు జేబులోంచి తీసి, "ఇలాటివి ఇయ్యండి సావుకారమ్మా" అన్నాడు.

"సైకిలేదీ?"

"ఇంటికాడ ఉన్నాది."

"అయితే నానూ మీ ఇంటికాడే అమ్ముతాన్లే, ఎల్లు."

ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. వచ్చిన బేరాన్ని పంపేశారేమిటని అడిగాను. "ఊడిపోయిన రబ్బరు ఏటి సెప్తాదే? ఆడి రిమ్ము సూడాల, ఆడు ఏ దారిన ఎల్తాడో అడగాల" అన్నారు. ఉక్కు రిమ్ము మీద గట్టి రబ్బరు వానలో జారుతుందట. మెత్తది పట్టుకుంటుంది, కాని త్వరగా అరుగుతుంది. గట్టివే అమ్మితే జనం మెచ్చుకుంటారు కదా అన్నాను. ఆవిడ పకపకా నవ్వారు. "మెత్తవి కొన్నోడు అరిగిపోనాయని ఏడాదంతా నన్ను తిడతాడు. తిట్టనీ. తిట్టడానికి మనిసుండాల కదేటి?"

రబ్బర్లు అమ్మడంతో ఆవిడ పని అయిపోయేది కాదు. రబ్బరు కూర్చునే రేకుకి ఒక కొస మూసి ఉంటుంది. ఆ కొస ముందువైపుకి ఉండాలి. తిరగేసి బిగిస్తే, బ్రేకు నొక్కగానే చక్రం రబ్బరుని బయటికి లాగేస్తుంది. కొట్టు ముందు కూర్చునే మెకానిక్కు బిగించాక ఆవిడ ఆ కొసని ఒకసారి వంగి చూసి, కొట్టు దిగి, స్టేషను వైపుకి కొంచెం పల్లంగా ఉండే రోడ్డు మీదికి నడిచేవారు. సైకిలు గలవాణ్ణి పైన నిలబెట్టి, తను కింద చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, "రా, నా మీదకి రా" అని కేకేసేవారు. స్టేషనుకి పోయేవాళ్లు ఆగి మరీ చూసేవారు. సైకిలు ఆవిడకి కాస్త దూరంలో ఆగితే, "ఇంకెల్లు" అని లోపలికి వచ్చేసేవారు.

ఒక దసరా మర్నాడు అప్పన్న వచ్చాడు. పక్క ఊళ్లో వరి పండించే రైతు, ఆవిడకి పాత ఖాతాదారు. కడ్డీ బ్రేకుల పాత సైకిలు. పండక్కి దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, దండ వేశారు. రిమ్ములు అద్దంలా మెరుస్తున్నాయి. బ్రేకు పట్టడం లేదంటే కొత్త రబ్బర్లు వేశారు. ఆవిడ ఎప్పటిలాగే కింద నిలబడ్డారు. అప్పన్న వచ్చాడు, బ్రేకు నొక్కాడు, సైకిలు ఆగలేదు. ఆవిడ పక్క కొట్టు ధాన్యం బస్తాల మీద వెల్లకిలా పడ్డారు.

మేమంతా పరుగెత్తాం. ఆవిడ లేవకుండానే, "ఒరే అప్పన్నా, సైకిలికి పూజ సేసింది ఎవులు?" అన్నారు.

"మా ఆడదేనమ్మా. కొబ్బరి నూనెట్టి తళతళ్లాడించింది."

"దీపానికెయ్యాల్సిన నూనె రిమ్ముకి రాసీసిందిరా! దేవుడు నన్ను సల్లగా సూసినాడు, మీ ఆడది సూళ్లేదు."

అందరం నవ్వాం. ఆవిడ మోచెయ్యి గీరుకుపోయి రక్తం వస్తోంది. సబ్బు నీళ్లతో రిమ్ములు తోమించారు, నూనె అంటిన రబ్బర్లు తీసి పారేయించి వేరేవి వేయించారు. తర్వాత, కుంటుతూ, మళ్లీ పల్లం వైపు బయలుదేరారు. నేను చెయ్యి పట్టుకున్నాను. "వద్దమ్మగారూ, ఇంకెవరినైనా నిలబెడదాం."

"ఎవుల్ని నిలబెడతావే? నిన్నా?"

నేను చెయ్యి వదల్లేదు. "ఈసారి ఆగుతుందని మీకు తెలుసా?" అన్నాను.

"నాకేటి తెలుసే? తెలిస్తే కుర్సీలో కూకుందును గదా" అని నా చెయ్యి విడిపించుకున్నారు. దగ్గరనుంచి చూశాను, ఆవిడ పెదవి అదురుతోంది. అప్పన్న ఈసారి భయపడుతూ వచ్చాడు. సైకిలు ఆగింది.

అప్పటిదాకా భయపడడమంటే ఆగిపోవడమేనని అనుకునేదాన్ని. సీటు రాకపోతే ఆగిపోయాను, ఎవరేమంటారోనని ఎన్నో చోట్ల ఆగిపోయాను. భయపడుతున్న మనిషి చెయ్యాల్సిన పనంతా చేసి వెళ్లి ఎదురుగా నిలబడడం ఆ రోజే చూశాను. ఆవిడ ఇప్పుడు లేరు. చివరిచూపుకి వెళ్లలేకపోయాను, అప్పటికి పాప చంటిది.

ఇవాళ రబ్బర్లు నేనే బిగించాను. రిమ్ములు సబ్బుతో కడిగాను. మూసిన కొస ముందుకే ఉందా అని ఎన్నిసార్లు చూశానో. తొక్కేది నేనే కాబట్టి ఎదురుగా నేను నిలబడలేను. అందుకని పాప బరువుకి సరిపడా బియ్యం మూట వెనక కట్టుకుని, సన్నటి వానలో బడిదాకా వెళ్లి వచ్చాను. పక్కింటి సూరమ్మత్త గుమ్మంలోంచి, "ఏటే కోడలా, బియ్యాన్ని బడికంపుతన్నావేటి?" అంది.

"అవునత్తా, యూకేజీలో చేర్పిద్దామని."

మలుపు దగ్గర కావాలనే గట్టిగా నొక్కాను. కీచుమనలేదు. ఆగింది. మూట కదల్లేదు.

ఇంటికి వచ్చి మూట దించుతుంటే పాప చూస్తూ నిలబడింది. "రేపు నన్ను ఎక్కిస్తావా అమ్మా?" అంది. ఎక్కిస్తానన్నాను. మూట విప్పి బియ్యం డబ్బాలో పోశాను. తర్వాత సైకిలు దగ్గరికి వెళ్లి, మూసిన కొస ముందుకే ఉందా అని మళ్లీ ఒకసారి వంగి చూశాను.