చిన్న చేతుల బండి

పొద్దున్నే మిల్లుకు బయలుదేరుతుంటే కోదాడ నుంచి మామయ్య ఫోన్ చేశాడు. ఆయన ఎప్పుడు చేసినా ముందు "తిన్నవా బిడ్డా" అని అడుగుతాడు. ఆ రోజు అడగలేదు. మెల్లగా అన్నాడు: "మీ అత్త పొయ్యింది."

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో పనిచేస్తాను. మా వీధి చివర ధాన్యం లారీలు హారన్లు కొడుతూనే ఉన్నాయి. ఆ వార్త రాబోతుందని ఏడాదికి పైగా తెలుసు.

ఆమె మా నాన్నకు చెల్లెలు, నాకు మేనత్త. పశువుల దవాఖానలో సహాయకురాలిగా చేసేది. మొదట గరిడేపల్లి వైపు, తరువాత చాలా ఏళ్లు మోతె చుట్టుపక్కల ఊళ్లలో గొర్లకు, బర్లకు సూదులు వేసింది. జనం డాక్టరమ్మా అని పిలిస్తే "డాక్టరమ్మను కాదు, సూదమ్మను" అని నవ్వేది. మామయ్య మేళ్లచెరువులో సిమెంటు లారీ నడిపేవాడు. ఇల్లు కోదాడలో. అంటే ఇద్దరి బతుకూ రోడ్డు మీదే.

అత్త పొట్టి మనిషి. చేతులు మరీ చిన్నవి. మేనకోడలినైన నా అరచేతికి తన అరచేతిని ఆనించి "ఆరో తరగతిలనే నన్ను దాటినవ్ కదనే" అని ఉడుక్కునేది. ఆ మాట కొంచెం అబద్ధం. మా ఇంటి ఆడవాళ్లందరివీ అవే చేతులు.

ఉద్యోగంలో చేరినప్పుడు స్కూటీ కొన్నది. వానాకాలం నల్లరేగడిలో దాని చక్రాలు దిగబడిపోయేవి. మందుల డబ్బా నెత్తిన పెట్టుకుని నడిచిన రోజులున్నాయి. అందుకే గేర్ల బండికి మారింది. చక్రాలు బురదను దాటాయి గాని, చేతులు లివర్లను అందుకోలేదు. క్లచ్ పట్టాలంటే హ్యాండిల్ మీద అరచెయ్యి ముందుకు జరగాలి. అప్పుడు పట్టు వదులవుతుంది. బ్రేకైతే వేళ్ల కొసలకే తగిలేది. ఎదురుగా ఏదైనా వస్తే ముందు చెయ్యి జరగాలి, తరువాత వేళ్లు చాపాలి, ఆ తరువాతే నొక్కడం.

సూర్యాపేటలో ఒక వెల్డింగ్ షాపతను లివర్‌ను మంటలో కాల్చి లోపలికి వంచి ఇచ్చాడు. "ఇగ సూడమ్మా, నీ చేతికే పుట్టినట్టున్నది" అన్నాడట. అత్త సంబరపడింది. కొన్ని వారాలు బాగానే నడిచింది.

మునగాల దగ్గర హైవే మీద ముందున్న లారీ ఒక్కసారిగా నెమ్మదించింది. అత్త బ్రేకు నొక్కింది. లివర్ విరిగి చేతిలోకి వచ్చేసింది. కాలి బ్రేకు తొక్కి బండిని పక్కకు తిప్పితే, కంకర మీద జారి పడిపోయింది. ఐసు వేసిన మందుల డబ్బా రోడ్డు మధ్యలోకి ఎగిరి పగిలింది. తరువాత ఆ సంగతి నాకు చెప్పినప్పుడు తను పడటం గురించి ఎక్కువ చెప్పలేదు.

"డబ్బాల ఐసు రోడ్డంత పడ్డది బిడ్డా. ఎనక వచ్చిన లారీ దాని మీదికెల్లే పొయ్యింది. పటపటమని సప్పుడు. నేను గాడ పండుకొని ఇంటున్న. మనిషి బొక్కలు ఇరిగితే గూడ గిట్లనే అంటయా అనుకున్న."

లేచి నిలబడ్డాక చూసుకుంటే విరిగిన లివర్ ఇంకా పిడికిట్లోనే ఉందట. దాన్ని విడిపించడానికి ఆమె తన వేళ్లను తానే ఒక్కొక్కటిగా లాగవలసి వచ్చింది.

ఆ తరువాత కోదాడ మెకానిక్ దగ్గరికి వెళ్లింది. ఆయన విరిగిన ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి కోప్పడ్డాడు. "ఎవరమ్మా దీన్ని కాల్చి వంచింది? మంట తగిలాక దీనికి బలం ఉంటదా? ఇన్నాళ్లు విరక్కుండా ఉండటమే గొప్ప." అత్తను బండి మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని హ్యాండిల్ పట్టుకోమన్నాడు. వేళ్లు ఎక్కడి దాకా వస్తున్నాయో వంగి చూశాడు. విజయవాడ నుంచి వేరే రకం లివర్లు తెప్పించాడు. వాటి మొదట్లో చిన్న చక్రం ఉంటుంది. తిప్పితే లివర్ ఒక్కో మెట్టూ చేతికి దగ్గరవుతుంది. హ్యాండిల్ మీది లావుపాటి రబ్బరు తీసేసి సన్నటిది తొడిగాడు. బిగించడం అయ్యాక చక్రం మీద వేలు పెట్టి హెచ్చరించాడు.

"ఇంకా దగ్గరికి రావాలని దీన్ని చివరిదాకా తిప్పొద్దమ్మా. లివర్ వచ్చి హ్యాండిల్‌కి తగులుద్ది, బ్రేకు పడాల్సినంత పడదు. మీరేమో నొక్కాననే అనుకుంటారు. బండి మాత్రం ఆగదు."

అత్త ఆ మాటను ఇంటికొచ్చి మామయ్యకు చెప్పింది, నాకు చెప్పింది. తరువాత ఎవరికి బండి నేర్పినా చెప్పింది.

నేర్పడం కూడా అప్పుడే మొదలైంది. ముందు నాకు, కాలువ గట్టు మీద. భయంతో చేతులు చెమటలు పడితే, "అందకపోతే నీ చెయ్యిని తిట్టకు, బండిని దగ్గరికి తెచ్చుకో" అనేది. తరువాత గరిడేపల్లిలో అంగన్‌వాడీ టీచరమ్మ, మోతెలో ఒక నర్సు, ఇంకా ఎవరెవరో. అందరినీ కోదాడ తీసుకుపోయి వాళ్ల బండ్లకు లివర్లు మార్పించేది. ఆ నర్సు భర్త ఒకసారి "కంపెనోడు ఇచ్చినదాన్ని ఎందుకు మారుస్తరు" అని గొణిగితే అత్త ఊరుకోలేదు. "నీ చెప్పులేసుకొని మీ ఆడామె నడుస్తదా? మరి నీ బ్రేకు ఎందుకు పట్టుకోవాలె?"

రోజూ బండి తీసేముందు రెండు లివర్లనూ రెండేసి సార్లు మెల్లగా నొక్కి వదిలేది. బర్రె పొదుగును తాకి చూసినట్టు ఉండేది ఆ నొక్కడం. ఎంత తొందరలో ఉన్నా అది మానేది కాదు. క్లచ్‌కు అడ్డమని ఎడమ చేతికి గాజులు వేసేది కాదు. ఎండాకాలం గ్లౌజులు తొడిగితే వేళ్ల చివర ఖాళీగా వేలాడేవి. వాటిని దారంతో మడిచి కుట్టుకునేది.

ముందటేడాది ఎండాకాలంలో, క్లచ్ గట్టిపడిందని అత్త మెకానిక్ దగ్గరికి వెళ్లింది. ఆయన తీగకు నూనె పోసి ఇచ్చాడు. వానలు మొదలయ్యేసరికి మళ్లీ వెళ్లింది. తీగ మార్చాడు. ఆ తరువాత ఆమె తనే చక్రాన్ని ఒక మెట్టు దగ్గరికి తిప్పుకుంది. ఇంకొన్నాళ్లకు ఇంకో మెట్టు.

దసరా సెలవుల్లో నేను కోదాడ వెళ్లినప్పుడు ఇద్దరం కలిసి మెకానిక్ దగ్గరికి వెళ్లాం. "ఇది మళ్ల బిగుసుకున్నది, జర సూడుండ్రి" అంది అత్త. ఆయన క్లచ్ మీద చూపుడువేలు ఒక్కటే వేసి లాగాడు. సులువుగా వచ్చింది. మళ్లీ లాగాడు. తరువాత నా వైపు చూశాడు, అత్త వైపు చూడలేదు.

"వేలితో వస్తంది కదమ్మా," అన్నాడు. "బండిలో ఏం లేదు."

అత్త ఎడమ చేతిని కొంగు కిందికి తీసుకుంది. ఆ తీసుకోవడంలోనే నాకు కనిపించింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాల్సిన కండ లేదు. అక్కడ గుంట పడింది. ఇంటికొచ్చాక ఆ చేతిని నా చేతుల్లోకి తీసుకుని చూశాను. చర్మం కింద ఏదో సన్నగా కదులుతోంది. ఆగుతోంది, మళ్లీ కదులుతోంది.

"ఎప్పటి సంది అత్తమ్మా?"

"ఎండకాలం సంది. గొర్రె కుంటుతుంటే ముందు కండ సూస్తం. నా చెయ్యి నేను సూసుకోనా? మామకు చెప్పకు. లారీ మీదుంటడు, పరేషాన్ అయితడు."

సూర్యాపేట దవాఖానలో చూసి హైదరాబాద్ పొమ్మన్నారు. హైదరాబాద్‌లో నరాల డాక్టరు పరీక్షలన్నీ చేసి, కండలు ఒకటొకటిగా చచ్చుబడే జబ్బని చెప్పింది. మందులతో కొంచెం నెమ్మదించవచ్చు, ఆపలేమంది. మామయ్యకు అర్థం కాక మళ్లీ మళ్లీ అడుగుతున్నాడు. అత్త అడిగింది ఒక్కటే: "బండి ఎన్నాళ్లు నడపొచ్చు మేడమ్?" డాక్టరు ఆమె చేతుల వైపు చూసి "ఈ రోజు నుంచే వద్దమ్మా" అంది.

అత్త వినలేదు. మామయ్యకు, ఆమెకు మొదటిసారి గట్టిగా గొడవైంది అప్పుడే. "రోడ్డు సంగతి నాకెరుక. నువ్వు ఆగకుంటే లారీవోడు ఆగడు" అన్నాడాయన. "ఇంట్ల కూసుంటే చేతులు వస్తయా?" అంది ఆమె. ఆయన తాళంచెవి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. తరువాత ఆమె ముఖం చూసి తిరిగి తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన ఆ రోజు డ్యూటీకి పోలేదు. ఆమె వచ్చేదాకా గేటు దగ్గరే నిలబడ్డాడు.

ఒక ఆదివారం నేను వెనక కూర్చుని ఆమెతో మోతె వెళ్లాను. ఏదో ఊళ్లో ఈనలేక బాధపడుతున్న బర్రెను చూసి తిరిగి వస్తున్నాం. మబ్బు కమ్మింది. ఒక మలుపులో దూడ ఒకటి తాడు తెంచుకుని అడ్డం వచ్చింది. అత్త భుజాలు బిగిశాయి. నేను ముందుకు వంగి చూశాను. బ్రేకు లివర్ మీద ఆమె వేళ్లు ఉన్నాయి. ఉన్నాయంతే. మూసుకోవడం లేదు. లివర్ చక్రం అప్పటికే చివరి మెట్టులో ఉంది. కాలి బ్రేకు మీద నిలబడినంత పని చేసింది. వెనక చక్రం జారి బండి అడ్డం తిరిగి ఆగింది. దూడ ఊపిరి నా మోకాలికి తగిలింది.

అత్త ఇంజను ఆపింది. దూడ మెడ నిమిరింది. దాని తాడు పట్టుకోబోతే వేళ్లలో నిలవలేదు. అప్పుడు తాళంచెవి నా వైపు చాపి అంది: "ఇగ నువ్వు నడుపు బిడ్డా. నొక్కిన్ననే అనుకున్న నేను."

వాన మొదలైంది. నేను నడిపాను. ఆమె రెండు చేతులూ నా భుజాల మీద ఉన్నాయి. వాటి బరువు తెలియడం లేదు. గతుకు వచ్చినప్పుడల్లా అవి ఉన్నాయో లేవో అని భయమేసి "అత్తమ్మా" అని పిలిచేదాన్ని. "ఉన్న, ఉన్న, ముందుకు సూడు" అనేది. కోదాడ వచ్చేదాకా అలాగే.

తరువాత బండి పెరట్లో రేకుల కింద ఉండిపోయింది. చేతుల తరువాత కాళ్లు, తరువాత మాట. అత్త స్థానంలో మోతెకు వచ్చిన కొత్తామె అప్పుడప్పుడూ ఇంటికి వచ్చేది. ఏ ఊళ్లో ఏ గొల్ల ఇంటి మంద ఎటు మేస్తుందో అత్త ముద్దముద్దగా చెబుతుంటే, ఆమె చెవి దగ్గర పెట్టి వినేది. ఒకరోజు అత్త ఆమె చేతుల వైపు చాలాసేపు చూసి మామయ్యతో ఏదో అంది. ఆయన మూడుసార్లు చెప్పించుకుని మాకు చెప్పాడు. "ఆమెయి గూడ చిన్న చేతులే. బండి ఆమెకియ్యమంటున్నది."

చివరి నెలలో మాట పూర్తిగా పోయింది. మామయ్య లారీ మానేసి పక్కనే కూర్చున్నాడు. ఆమెకు అన్నం పెట్టడం, తల దువ్వడం నేర్చుకున్నాడు. ఊపిరి మాత్రం రోజురోజుకూ చిన్నదైంది. నేను వెళ్లిన ప్రతిసారీ ఆమె కళ్లు ముందు నా చేతుల మీదికి పోయేవి. బొటనవేలి పక్కన కండను చూసేవి. ఆమె ఎందుకు చూస్తోందో నాకు తెలుసు. డాక్టరు ఇది మామూలుగా వంశంలో రాదని చెప్పింది. చేతులు చాపి చూపించేదాన్ని. చూశాక కళ్లు మూసుకునేది.

దినాలయ్యాక మామయ్య బండి తుడిచి బయటికి తీశాడు. కొత్తామె బస్సులో వచ్చింది. ముగ్గురం నెట్టుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాం. ఆయన నూనె మార్చి, టైర్లకు గాలి పట్టి, ఆమెను కూర్చోమన్నాడు. ఆమె క్లచ్ పట్టింది, బ్రేకు పట్టింది.

"ఇది మరీ దగ్గరున్నది కదన్నా," అంది. "వేలు పెట్టంగనే హ్యాండిల్‌కు తగులుతున్నది."

మామయ్య రోడ్డు వైపు తిరిగాడు. మెకానిక్ వంగి చక్రాన్ని వెనక్కి తిప్పాడు. ఒక మెట్టు తిప్పి "చూడమ్మా" అన్నాడు. ఆమె నొక్కి చూసి "ఇంకొంచెం" అంది. ఇంకో మెట్టు. మళ్లీ ఇంకోటి. ఆమె చేతికి సరిపోయేదాకా తిప్పి, చివరికి ఆ హెచ్చరికనే ఆమెకూ చెప్పాడు.

ఆమె మోతెకు పోవాలి. హైవే అంచున ఆగి, రెండు వైపులా చూసి ఎక్కింది. మేళ్లచెరువు నుంచి వచ్చే సిమెంటు లారీ ఒకటి వెంటనే ఆమె పక్కకు వచ్చింది. దాని దుమ్ములో బండి కనిపించకుండా పోయింది. మామయ్య చెయ్యి గాలిలో ఏదో పట్టుకున్నట్టు బిగుసుకుంది. లారీ పొడుగ్గా, మెల్లగా దాటుతూనే ఉంది. చాలాసేపటికి దాని వెనక దుమ్ము పలచబడింది. దూరంగా, రోడ్డుకు ఎడమ అంచున, చిన్నగా, ఆమె ఇంకా పోతూ ఉంది.