సైరన్‌కు లేచిన ఊరు

సమ్మవ్వ ఇంట్లో పప్పు ఎప్పుడూ రెండు విడతల్లో ఉడుకుతుంది. తప్పు పొయ్యిది కాదు, కంపెనీది. గోదావరిఖనిలో షేర్ ఆటో ఎక్కితే ఆఖరున దింపే పల్లె సుద్దగడ్డ. ఊరి చేలకు అవతల ఒక ప్రైవేటు కంపెనీ బొగ్గు కోసం తవ్విన ఓపెన్‌కాస్టు గుంత ఉంది. అక్కడ బండను పేల్చే ముందు సైరన్ మోగుతుంది. అది మోగగానే పొయ్యి ఆర్పాలి, గూట్లో గాజు సామాను కిందికి దించాలి, పిల్లల్ని చంకనేసుకుని వీధిలోకి వచ్చి నిలబడాలి. పేలుడు వినబడి, కాళ్ల కింద నేల జలదరించి, పెంకులు రాలడం ఆగాకే మళ్లీ లోపలికి.

ఏళ్ల తరబడి ఇదే అలవాటు. సైరన్ వింటే సుద్దగడ్డ వాళ్లకు ముందు కాళ్లు లేస్తాయి, సంగతి బుర్రకు తర్వాత తెలుస్తుంది. ఒక పెళ్లిలో తలంబ్రాలు దోసిట్లో ఉండగానే వధూవరులు పందిరి బయటికి నడిచారు. పెళ్లి జరిపించే అయ్యగారు వాళ్లకంటే ముందున్నారు.

సమ్మవ్వ కాపురానికి వచ్చిన కొత్తలో గుంత లేదు, జొన్నచేను ఉండేది. భర్త బుచ్చన్న వేరే గనిలో, భూమి లోపల పనిచేసి రిటైరయ్యాడు. ఇంటి వెనక గోడకు పగులు వచ్చినప్పుడు ఆమె సిమెంటు కూరి పైన క్యాలెండర్ తగిలించింది. పగులు క్యాలెండర్‌ను దాటింది. అంతకంటే పెద్ద క్యాలెండర్ కంపెనీయే పంచిపెట్టింది. దాని మీద నవ్వుతున్న పాప, కింద ‘మీ క్షేమమే మా బాధ్యత’ అన్న మాట. పాప నుదుటి దగ్గర మొదలై పగులు పైకప్పు దాకా పోయింది.

ఇప్పుడు ఆ గుంతను ఈ గోడ దాకా పెంచుతారట. చట్టప్రకారం ముందు ఊరివాళ్ల మాట వినాలి కాబట్టి బడి మైదానంలో టెంటు వేశారు. సమ్మవ్వ చెప్పదలుచుకున్నది ఒక్కటే: ముందు వేరే చోట ఇళ్లు కట్టియ్యాలి, ఆ తర్వాతే గుంత జరగాలి. ఆ మాట రాతలోకి ఎక్కకపోతే పగిలిన గోడలు మీద పడతాయని ఆమెకు తెలుసు. అందుకే వారం నుంచి బర్రెకు గడ్డి వేస్తూ దానికే ఉపన్యాసం చెబుతోంది. బర్రె ఒక్కసారీ అడ్డు తగల్లేదు.

సభలో అందరికీ కంపెనీ టోపీలు, మజ్జిగ ప్యాకెట్లు ఇచ్చారు. వేదిక మీద కలెక్టరాఫీసు నుంచి వచ్చిన పెద్ద సారు. మైకు మాత్రం కంపెనీ ప్రజాసంబంధాల అధికారి భూపాల్ చేతిలో ఉంది. ఇచ్చిన కుట్టుమిషన్లు, వేసిన బెంచీలు వర్ణించి, చివరికి అన్నాడు: “విస్తరణకు ఒప్పుకునేవాళ్లు దయచేసి లేచి నిలబడండి.”

ఒక్కరూ కదల్లేదు. వెనక ఎవరో మజ్జిగ జుర్రిన చప్పుడు వినిపించింది.

అప్పుడు సైరన్ మోగింది.

టెంటు మొత్తం లేచింది. సమ్మవ్వ లేచింది, బుచ్చన్న లేచాడు, పక్కింటి ఫక్రున్నీసా మనవరాలిని ఎత్తుకుని లేచింది. టెంటు కర్రలు మీద పడతాయని జనమంతా బయటికి నడిచి, ఎప్పటిలాగే పేలుడు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డారు. ఎంతసేపు చూసినా పేలుడు రాలేదు. మైకులో చప్పట్లు వినిపించాయి. “చూశారా సార్, ఊరు ఊరంతా లేచింది!” అంటున్నాడు భూపాల్. వీడియో తీసేవాడు కెమెరా అటూ ఇటూ తిప్పుతున్నాడు.

సమ్మవ్వకు అరికాలి మంట నెత్తికెక్కింది. “మోసం చేసిండ్రే ఫక్రూ,” అంది.

“ఇయ్యాల పేలుడు లేదని పొద్దుగాలే చెప్పిండ్రు గదక్కా. మల్ల సైరన్ ఎందుకు కొట్టిండ్రు?”

“ఎందుకో నీకింక సమజ్ గాలేదా?”

తర్వాత ఎవరికి వారు అరవడమే తప్ప ఒకరి మాట ఇంకొకరికి వినబడలేదు. చివర్లో సభలో జరిగింది చదివి వినిపించారు. “హాజరైన ప్రజలందరూ లేచి నిలబడి మద్దతు తెలిపారు” అన్న చోట సమ్మవ్వ వేదిక ఎక్కి భూపాల్ చేతిలో మైకు లాక్కుంది. వారం రోజుల ఉపన్యాసంలో ఒక్క ముక్క గుర్తుకు రాలేదు.

“అబద్ధం రాసిండ్రు సారూ.”

“అమ్మా, వీడియోలో మీరు కూడా లేచారు కదా,” అన్నాడు పెద్ద సారు.

“లేచిన. సైరన్ మోగితె సచ్చినోడు గూడ లేస్తడు మా ఊర్ల. పోయిన ఎండకాలం నేను తానం చేస్తున్న. నెత్తికి సబ్బు, కండ్లల్ల సబ్బు. సైరన్ మోగింది. గట్లనే తువ్వాల సుట్టుకోని వాకిట్లకు ఉరికిన. వాడకట్టంత సూసింది. గది గూడ కంపెనీకి మద్దతే అని రాస్కుంటరా సారూ?”

“అవ్ సారూ!” కింద నుంచి ఫక్రున్నీసా కేకేసింది. “నేనే నా దుపట్టా ఇసిరి కప్పిన!”

బుచ్చన్న టోపీని ముక్కు దాకా లాక్కున్నాడు. జనం గొల్లుమన్నారు. సమ్మవ్వ నవ్వలేదు.

“నవ్వకుండ్రి! మా పానాలు కాపాడెటందుకని నేర్పిన సైరన్ అది. గదాన్ని పట్టుకొనే మమ్ముల గొర్లను తోలినట్టు తోలిండ్రు. కుట్టుమిషన్ ఇచ్చుడు బాధ్యతట! మిషనెక్కడ పెట్టాలె? గోడ పడే ఇంట్లనా? ముందుగాల ఇండ్లు కట్టియ్యాలె. గా తర్వాతనే గుంత. గిది రాయి సారూ. రాసేదాంక దిగ.”

పెద్ద సారు భూపాల్ వైపు తిరిగాడు. “సైరన్ మోగింది, పేలుడు ఏది?”

“టెస్టింగ్ సార్. రొటీన్ టెస్టింగ్.”

“సరిగ్గా మీరు లేవమన్నప్పుడేనా?”

భూపాల్ మజ్జిగ ప్యాకెట్ మూల కొరికాడు. అది చొక్కా మీద చిమ్మింది.

రాసిన వాక్యం కొట్టేశారు. సమ్మవ్వ చెప్పింది ఆమె పేరుతో సహా రాశారు. ఆమె రెండుసార్లు చదివించుకుంది. ‘ఆ తర్వాతే గుంత’ అన్న మాట మూడోసారి కూడా చదవమంది.

ఇంటికి నడుస్తుంటే బుచ్చన్న మలుపు దగ్గర ఆగాడు.

“తువ్వాల సంగతి గూడ రాసిండ్రా?”

“రాసిండ్రు. హైదరాబాద్ దాంక, ఢిల్లీ దాంక పోతదట.”

“నా ఇజ్జత్ తీసినవ్ గదనే.”

“తువ్వాల నాది, సబ్బు నాది. నడుమ నీ ఇజ్జత్ ఎక్కడిది?” అని ముందుకు నడిచిన సమ్మవ్వ మళ్లీ వెనక్కి తిరిగింది. “గా భూపాల్‌గాని కంటె సిగ్గున్నట్టు జేస్తున్నవ్. ఆడు గంత మోసం జేసి గూడ నీ లెక్క టోపీ ముక్కు దాంక గుంజుకోలె, సూసినవా?”