ఆలివ్ సీసాలు, వేరుశనగ జావ

విశాఖలో పొద్దున్న ఆరున్నరకు రైలెక్కాను. బొబ్బిలి వెళ్ళేవారు విజయనగరంలో దిగి, పార్వతీపురం వైపు పోయే పాసింజరు పట్టుకోవాలి. మధ్యలో గంటన్నర ఖాళీ. స్టేషను బయట ఇడ్లీ వేడిగా దొరుకుతుంది. నాకు మాత్రం రెండోది మింగుడు పడలేదు. జేబులో మా అక్క ఉత్తరం ఉంది.

ఆమె కూతురు గౌరికి ఐదేళ్ళు. టైఫాయిడ్ తగ్గి నెల దాటినా తేరుకోలేదు. నేను పోర్టులో గుమస్తాను. ఓ ఓడలో వంటవాణ్ణి బతిమాలి, ఉప్పునీళ్ళలో ఊరేసిన ఆలివ్ కాయల సీసాలు మూడు సంపాదించాను. బలానికి ఇవి పెట్టమని గొప్పగా రాసి పంపాను. మందుల షాపులో ఆలివ్ నూనె అమ్ముతారు కనక కాయ ఇంకా మంచిదనుకున్నాను. అక్క జవాబు రాసింది: పిల్లకి మొహం, కాళ్ళు నిండాయి, ఒళ్ళొచ్చింది, లేచి ఆడుకోవడం మాత్రం లేదు. ఆ చివరి ముక్కే నన్ను బయల్దేరదీసింది.

పాసింజరులో ఎదురుగా ఓ ముసలి మంత్రసాని కూర్చుంది. మాటల్లో ఉత్తరం సంగతి చెప్పాను. ఆమె వక్క నమలడం ఆపింది.

"కాలు మీద ఏలెట్టి నొక్కితే గుంట పడతందేటి, బాబూ?"

తెలీదన్నాను.

"పడితే అది ఒళ్ళు కాదు, నీరు. బేగి ఎల్లు."

బొబ్బిలి వచ్చేదాకా నా కాలే నొక్కి చూసుకుంటూ కూర్చున్నాను. పదకొండున్నరకు దిగి జట్కా ఎక్కాను. ఇంటికెళ్ళి గౌరి పాదం మీద వేలు పెట్టి తీశాను. గుంట ఎంతకీ పూడలేదు. పిల్లని ఎత్తుకుని అదే జట్కాలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

అక్క పథ్యం కట్టుదిట్టంగా నడుపుతోంది. బియ్యం జావ, పూటకి నాలుగు ఆలివ్ కాయలు, అంతే. సొంత చేలో పండిన వేరుశనగ బస్తా మూలనే ఉంది, వేడి చేస్తుందని ముట్టనివ్వలేదు. డాక్టరు కోప్పడలేదు, దాంతో నాకు మరింత భయమేసింది. ఆలివ్‌లో కొంచెం నూనె, బోలెడు ఉప్పు తప్ప కండపట్టే మాంసకృత్తులు లేనట్టేనన్నాడు. వేరుశనగలో నూనె, మాంసకృత్తులు రెండూ ఉన్నాయి, జీడిపప్పు కోసం పరిగెత్తక్కర్లేదన్నాడు. ఉప్పు మాన్పించి, వేయించిన పలుకుల పొడి జావలో కలిపి పెట్టమన్నాడు. ఇంకో వారం ఆలస్యమైతే అంటూ ఆగిపోయాడు.

నాలుగో రోజుకి నీరు తీసింది. దాని కింద ఉన్నవి ఎముకలే. అక్క పిల్ల డొక్కలు తడిమి ఏడ్చింది.

"నీ కాయలు తిన్నప్పుడే నిండుగా ఉన్నాది. ఈ సెనక్కాయలు పిల్లని అరగదీస్తన్నాయిరా."

అప్పుడున్నది ఒళ్ళు కాదు, నీరని పదిసార్లు చెప్పాను. తలూపింది. బావ మిలటరీలో ఉన్నాడు, ఇంట్లో చెప్పేవాళ్ళు ఇంకెవరూ లేరు. నా సెలవు అయిపోయింది. మధ్యాహ్నం రెండింటి బండికి బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చింది.

"ఎల్లిరా తమ్ముడూ. దాన్ని నేను సూసుకుంటాను."

నా మొహం చూడకుండా అంది.

ఆ దారిలో కొండలు, చేలు బాగుంటాయని అందరూ అంటారు. వెళ్ళేవారు కిటికీ పక్కన కూర్చోండి. నాకేమీ కనబడలేదు. నేను లేకపోతే అక్క వేరుశనగ మానేసి మళ్ళీ ఆ కాయలే పెడుతుందేమోననే ధ్యాస. నా ఉత్తరం నమ్మి ఉప్పుకాయలు తినిపించిన మనిషి, ఇప్పుడు నా మాట నమ్మకపోతే తప్పు ఆమెదా? గజపతినగరంలో బండి ఆగింది. సంచీ తీసుకుని దిగిపోయాను. బొబ్బిలి వైపు బండి ఎన్నింటికని అడిగితే, ఐదు దాటాకే అన్నారు.