మొగిలి ఘాట్‌లో రెండు టర్బోలు

కారు కొనేటప్పుడు జనం రంగు గురించి ఆలోచిస్తారు. నేను రెండు నెలలు టర్బో గురించే, అంటే ఇంజన్‌కు కాస్త ఆలస్యంగానైనా అదనపు బలమిచ్చే భాగం గురించే ఆలోచించాను. ఒకే మోడల్, ఒక లీటరు టర్బో ఇంజనే, అందులో రెండు రకాలు. ఒకటి బలం కాస్త తక్కువది, గేర్లు మనమే వేసుకోవాలి. రెండోది బలం ఎక్కువది, ఆటోమేటిక్. ఫోన్‌లో వీడియోలు చూసీ చూసీ తలనొప్పి తెచ్చుకున్నానే తప్ప ఏదీ తేల్చుకోలేకపోయాను.

నా భయం ఊరికే పుట్టలేదు. వారానికి రెండుసార్లు నాయనను పలమనేరు నుంచి చిత్తూరుకు డయాలసిస్‌కు తీసుకెళ్తాను. పోయేటప్పుడు దిగుడే. తిరిగొచ్చేటప్పుడే మొగిలి ఘాట్ ఎక్కాలి. అప్పటికి ఆయన ఒంట్లో సత్తువ ఉండదు, బండి కాస్త కుదిపినా వాంతి చేసుకుంటాడు. ఒకసారి లారీని దాటబోయి కుడివైపుకు వచ్చాక మా పాత కారు ఎక్కలేక ఆగిపోయింది. వెనక నుంచి బస్సు కొట్టిన హారన్ ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. ఆ రోజు నుంచి ఘాట్ కనిపిస్తే చాలు, స్టీరింగ్‌ను బిగించి పట్టుకుంటాను.

నాయన ముప్పై ఏళ్లు ఆ దారిలో టమాటా లారీ తోలిన మనిషి. ఇంకొకరు తోలే బండిలో కన్ను మూసి ఎరగడు. నా పక్కన కూర్చుని, లేని బ్రేకును కాలితో తొక్కుతూనే ఉంటాడు. అది చూస్తే నాకు ఇంకా భయం, కాస్త కోపం కూడా.

తిరుపతి షోరూంలో ఆటోమేటిక్ తోలి చూశాను. రేణిగుంట రోడ్డు మీద హాయిగా పోయింది. అదే తీసుకుందామని ఇంటికొచ్చి చెప్పాను.

“బండిలో ఎంతమంది పోయినారు?” అన్నాడు నాయన.

“నేనూ, సేల్స్‌మనూ.”

“ఖాళీ బండి యాడైనా పరిగెత్తతాది. లోడేసి కొండెక్కించి సూడల్ల.”

లోడంటే ఆయనకు టమాటానే. డయాలసిస్ లేని రోజు చూసుకుని, నాలుగు క్రేట్ల టమాటాలతో చిత్తూరు షోరూంకు వెళ్లాం. వాటిని టెస్ట్ డ్రైవ్ కారు డిక్కీలోకి ఎక్కిస్తుంటే అక్కడి సేల్స్‌మన్ లబలబలాడాడు.

“ఇది మార్కెట్ యార్డు కాదు పెద్దాయనా!”

“కడిగించిస్తాలే అబ్బా, ముందు నువ్వెక్కు. నువ్వు కూడా లోడే.”

ముందు ఆటోమేటిక్. ఘాట్‌లో లారీ వెనక నెమ్మదించి, కుడికి తిప్పి గట్టిగా తొక్కాను. బండి వేగం అందుకోలేదు. ఒక్క క్షణమే, కానీ ఆ క్షణంలో నాకు పాత బస్సు హారన్ వినిపించింది. తర్వాత ఒక్కసారిగా దూకింది. నాయన తల వెళ్లి సీటుకు కొట్టుకుంది.

“బలముండాది,” అన్నాడు మెడ రుద్దుకుంటూ. “నేను కక్కుకునేదానికి సరిపోతాది.”

వెనక్కి వెళ్లి, క్రేట్లు మార్చి, గేర్లు మనమే వేసుకునేది తెచ్చాం.

“లారీ దగ్గరికి పోయినాక తొక్కితే యా బండైనా ఆలోచిస్తాది. దూరంగా ఉన్నప్పుడే రెండో గేరుకు దించు. టర్బో లేసినాక పక్కకు తియ్యి,” అన్నాడు నాయన.

అలాగే చేశాను. ఇంజన్ గోల పెట్టింది, వేగం అంతంతమాత్రమే, కానీ ఎక్కడా కుదపకుండా ఎక్కింది. అదే కొన్నాం. కొన్నాక కూడా, ఎక్కువ బలమున్నది వదిలేసి తప్పు చేశానేమోనని మనసు పీకుతూనే ఉంది.

కొత్త కారులో మొదటి డయాలసిస్ అయ్యి తిరిగొస్తున్నాం. ఘాట్ మొదలైంది. దూరంగా లారీ కనపడగానే రెండో గేరుకు దించాను. ఇంజన్ అందుకుంది, పక్కకు తీశాను, దాటాను. నాయన కాలు కదల్లేదు. చూస్తే కళ్లు మూసుకుని ఉన్నాడు.

నా బతుకులో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. అదీ కాసేపే. బండిలో కన్ను మూయని మనిషి ఈరోజు ఎందుకు మూశాడు? ఊపిరి పీలుస్తున్నాడా? ఇంజన్ చప్పుడులో ఏమీ వినపడలేదు. గేరు మీది చేయి తీసి ఆయన చేయి పట్టుకున్నాను.

“చెయ్యి గేరు మీద పెట్టు పాపా,” అన్నాడు కళ్లు తెరవకుండానే. “మలుపొస్తాండాది.”