పులుసులో ఉప్పు

మొన్న పొద్దున పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడేదాకా నాకు తెలియలేదు. పక్కింటావిడ ముక్కు మూసుకుని లోపలికొస్తే, నేను ఆ పొయ్యి పక్కనే కూర్చుని వత్తులు చేసుకుంటున్నాను. డాక్టరు చూసి, ఈ వయసులో వాసన పోతే మళ్ళీ రాదన్నాడు. నాకు భయం వేయలేదు గానీ, ముద్దనూరక్క గుర్తుకొచ్చింది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో ప్రొద్దుటూరులో మా పెద్దమ్మ తన ఇంటి వసారాలో వంటల బడి పెట్టింది. బడి అంటే పలకా బలపం కాదు, ఆరు పొయ్యిలూ ఆరుగురు ఆడవాళ్ళమూ, అందులో దిక్కులేని వాళ్ళమే ఎక్కువ. పాకం వచ్చిందో లేదో వేళ్ళతోనే చూడాలి, కాలిందని చెయ్యి విదిలిస్తే మణికట్టు మీద అట్లకాడ పడేది. అన్నిటికన్నా పెద్ద నియమం, దేవుడికి నైవేద్యం కాకముందు ఏదీ నాలుక మీద వేసుకోకూడదు. ఉడికే పులుసు ఆవిరి వాసన పట్టి ఉప్పు చాలిందో లేదో చెప్పాలి. ఉప్పు చెడగొట్టినామె అందరి ముందూ కూర్చుని దాన్ని తాగాల్సిందే. పెద్దమ్మ ఎదురుగా కూర్చుని చూసేది, నవ్వేది కూడా, పాపిష్టిది.

ముద్దనూరక్క మొగుడు వదిలేస్తే నాలుగేళ్ళ కూతురిని చంకనేసుకుని ముద్దనూరు నుంచి వచ్చింది. విషజ్వరంలో ఆమెకు వాసన పోయింది. తెలిస్తే బడిలోంచి వెళ్ళగొడతారని నాకొక్కదానికే చెప్పింది. అందుకని మేమిద్దరం ఒక గుర్తు పెట్టుకున్నాం. నేను ఆమె పొయ్యి పక్కగా పోయి వాసన చూసి, ఉప్పు చాలితే నా గరిటె కింద పెట్టేదాన్ని, చాలకపోతే చేతిలోనే పట్టుకునేదాన్ని.

ఏడాది తిరిగేసరికి జమ్మలమడుగు సత్రానికి వంటమనిషి కావాలని ఒక శెట్టిగారు వచ్చినారు, ఉండటానికి గది కూడా ఇస్తారన్నారు. చివరికి మిగిలింది మేమిద్దరమే. అక్కకు ఆ గది బిడ్డ కోసం కావాలి. మొగుడు పోయి, అన్న ఇంట్లో వదిన మాటలు పడే నాకు అంతకన్నా ఎక్కువ కావాలనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే ఎక్కువేం కాదు. శెట్టిగారు రుచి చూసి ఎంచుకోవడానికి ఆమె గుమ్మడికాయ పులుసు పెట్టింది, ఉప్పు సరిగ్గా సరిపోయింది, నావైపు చూసింది. నేను గరిటె కింద పెట్టలేదు. ఇంకో పిడికెడు వేసి మళ్ళీ చూసింది. అప్పుడూ పెట్టలేదు.

శెట్టిగారు ఒక్క ముద్ద నోట పెట్టుకుని విస్తరి పక్కకు తోసినారు. పెద్దమ్మ చెంబుతో పోసిస్తుంటే అక్క ఆ పులుసంతా తాగింది, బిడ్డ కొంగు పట్టుకుని చూస్తా నిలబడింది. మరునాడు పులివెందులలో ఎవరింట్లోనో అంట్లు తోమడానికి పోతూ నా చెయ్యి పట్టుకుని, "ఏందో పరధ్యానంలో ఉండింటావులే చెల్లా, మనసులో పెట్టుకోవాకు" అనింది. నేను తల ఊపినాను. ముప్పై ఏళ్ళు ఆ సత్రం గదిలోనే పడుకున్నాను.

మా అన్న మనవరాలు ఇప్పుడు హైదరాబాదులో వంటల కాలేజీలో చదువుతోంది. అక్కడ నేర్పేవాళ్ళే చెంచా చేతికిచ్చి, రుచి చూడకుండా గిన్నె దించవద్దంటారట. ఆ కాలంలో అక్క చేతికి అట్లాంటి చెంచా ఒక్కటి ఇచ్చివుంటే, నా గరిటె వైపు చూసే గతి ఆమెకు పట్టేది కాదు. నిన్న గుమ్మడికాయ పులుసు పెట్టుకున్నాను. రుచి చూసే అలవాటు నాకు ఎన్నడూ లేదు, ఇప్పుడు వాసనా లేదు. ఉప్పు చేతిలో పట్టుకుని చాలాసేపు పక్కకు చూస్తూ నిలబడినాను. అక్కడ ఎవరూ లేరు.