పానం కొట్టుకుంటుంది

నారాయణగూడ మార్కెట్‌లో కుప్పపోసిన చింతచిగురు గుప్పెడు తీసి నలిపితే, పులుపు వాసనతో పాటు పాత భయమొకటి ముక్కుకు తగులుతుంది.

అప్పుడు మేము చిక్కడపల్లి సందులో, నడుమ వాకిలి ఉన్న పెంకుటింట్లో కిరాయికి ఉండేవాళ్లం. ఎండలు ముదరబోయే రోజులు. వాకిట్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు, కొత్త కుండ నీళ్లలో మట్టివాసన, గచ్చుమీద మా గచ్చకాయల ఆట, తమలపాకు నములుతూ నాయనమ్మ చెప్పే ముచ్చట్లు. పక్క వాటాలో ఒక తాత మంచాన పడి, ప్రాణం పోక, రోజుల తరబడి మూలిగేవాడు.

"చాయ మీద పానం కొట్టుకుంటుంది. నోట్లె పొయ్యుండ్రి, సుకంగ పోతడు," అన్నది నాయనమ్మ. తాత ఇంటివాళ్లు చాయలో బిస్కెట్ ముంచి ఆయన నాలుకకు తాకించారు. పొద్దుగూకకముందే తాత పోయాడు. కిటికీ ఊచలు పట్టుకుని నేనంతా చూశాను.

ఆ తర్వాత కొద్దిరోజులకే, తమ్ముణ్ని కడుపున మోస్తున్న అమ్మ గోడకానుకుని, కళ్లు మూసుకుని అన్నది: "అత్తమ్మా, చింతచిగురు పప్పు మీద పానం కొట్టుకుంటుంది."

నేను గచ్చకాయలు వదిలేసి అమ్మ దగ్గరికి ఉరికాను. బాపు సైకిలేసుకుని పోయి ఇదే మార్కెట్‌లో చిగురు తెచ్చాడు. నాయనమ్మ పప్పు పొయ్యిమీద పెట్టేలోగా చిగురు సంచిని బియ్యం డబ్బా వెనక దాచి, అడ్డంగా కూర్చున్నాను.

"చిగురేదే పోరీ?"

"పెట్టొద్దు! పెడితే అమ్మ పోతది. తాత పోలేదా?"

నాయనమ్మ నములుడు ఆగిపోయింది. అమ్మ మాత్రం కడుపు పట్టుకుని నవ్వింది. "ఓసి పిచ్చిదానా! తినబుద్ధైతే గూడ గట్లనే అంటరే. సచ్చేటోళ్లకు గదే మాట, బత్కెటోళ్లకు గదే మాట."

"మరి ఏదని ఎట్ల తెలుస్తది?"

నాయనమ్మ నా వెనక నుంచి సంచి లాక్కుని పొయ్యి దగ్గరికి పోయింది. అమ్మ మారు వడ్డించుకుని తింటుంటే, ముద్ద ముద్దకూ ఆమె గొంతువైపే చూస్తూ కూర్చున్నాను. ఆ రోజంతా ఆమె కొంగు వదల్లేదు.

ఇప్పుడా వాకిలి లేదు. అక్కడ అపార్ట్‌మెంట్ లేచింది. అశోక్‌నగర్ హాస్టళ్ల పిల్లలు ఫోన్లలో "నీ వంట మిస్ అయితున్ననే అమ్మా" అంటున్నారు. మా ఇంట్లో ఆ పాత మాట అనేది అమ్మ ఒక్కతే. నెల నుంచి మంచం దిగని అమ్మ, సరిగా తినని అమ్మ, ఈ పొద్దున నన్ను దగ్గరికి పిలిచి అన్నది: "బిడ్డా, చింతచిగురు మీద పానం కొట్టుకుంటుందే."

ఏదని ఎట్ల తెలుస్తదని ఈసారి అడగలేకపోయాను; సంచి తీసుకుని ఈ మార్కెట్‌కు వచ్చాను.

"ఏందక్కా, గట్ల నలుపుతే నేనెవరికి అమ్మాలె? ఎయ్యాల్నా, వద్దా?" అంటున్నది చిగురమ్మే ఆమె.

"ఎయ్యి," అన్నాను. గుప్పెట మాత్రం విప్పలేదు.